బాతు సినిమా

పోయిన నెల మా చెల్లెలి మనవరాలు నన్ను బెజవాడలో ఒక చిన్న హాలుకి తీసుకెళ్ళింది. పాత మూకీ సినిమాలు వేస్తున్నారనీ, అన్నీ పొట్టి హాస్యపు ముక్కలేననీ, నడుము నొప్పి మొదలయ్యేలోపే అయిపోతాయనీ చెప్పి ఒప్పించింది. హాలు చల్లగా ఉంది, కుర్చీలు మెత్తగా ఉన్నాయి. తెర పక్కన ఒకాయన కీబోర్డు ముందు కూర్చుని బొమ్మకు తగ్గట్టు వాయిస్తున్నాడు. తెరమీద ఎవరో బక్కపలచటి మనిషి నిచ్చెన భుజాన వేసుకుని వెనక్కి తిరిగేసరికి, వెనకున్న వాళ్ళంతా వరసగా పడిపోయారు. జనం మర్యాదగా నవ్వారు. నేనూ నవ్వాననే అనుకున్నాను. కాసేపటికి ముందు వరసలో కూర్చున్నాయన వెనక్కి తిరిగి, "అమ్మా, కొంచెం నెమ్మదిగా అండీ" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. పక్కనున్న పిల్ల నా చెయ్యి పట్టుకుని, "అమ్మమ్మా, ఇందాకట్నుంచీ ఏదో చెప్తూనే ఉన్నావు. ఎవరికి చెప్తున్నావు?" అని చెవిలో అడిగింది. నోరు మూసుకున్నాను గానీ ఆ తర్వాత వేసిన బొమ్మలేవీ నాకు సరిగ్గా కనిపించలేదు. కీబోర్డు చప్పుడు కింద నుంచి ఇంకో గొంతు వస్తూనే ఉంది. "ఇదుగో వచ్చాడండీ, పామర్రు అల్లుడు, పొద్దున తిన్న పెసరట్టు ఇంకా అరగలేదు" అంటూ మా తాతయ్య గొంతు.

అప్పట్లో మేము గుణదలలో ఏలూరు కాలువ గట్టుకి దిగువనున్న ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. మేము అంటే తాతయ్య రాయప్ప, నాయనమ్మ తెరేజమ్మ, నేను. నాన్నకి రైల్వేలో ఉద్యోగం. బదిలీలతో నా చదువు చెడుతుందని నన్ను వీళ్ళ దగ్గర వదిలి, అమ్మనూ చెల్లెల్నీ వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగేవాడు. ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. కాలువ నీళ్ళ వాసన, గోడమూల గోనెసంచుల వాసన, పటం ముందు కరిగిన కొవ్వొత్తి వాసన, వీటన్నిటి మీదా తాతయ్య చొక్కాలకి పట్టిన బెల్లం, చింతపండు వాసన. తాతయ్య మార్కెట్టు యార్డులో వేలం పాట పాడేవాడు. ఒకటోసారి, రెండోసారి అని ఆయన సాగదీస్తే రోడ్డు మీద బండివాళ్ళు కూడా ఆగి వినేవాళ్ళట. ఆ గొంతు ఆయన ఆస్తి. పొద్దున్నే ఉప్పునీళ్ళు పుక్కిలించి, మిరియాల పాలు తాగి, బుగ్గన తాటికలకండ ముక్క పెట్టుకుని, ఎండాకాలంలో కూడా మెడకి మఫ్లరు చుట్టుకునేవాడు. అలా గొంతుని కాపాడుకుని యార్డుకి వెళ్ళేదాకా ఆగుతాడా అంటే ఆగడు. ఇంట్లో జరిగేదంతా చెప్పుకుంటూ పోయేవాడు. నాయనమ్మ పొయ్యి ముందు కూర్చుంటే, "పెనం వేడెక్కింది, ఇల్లాలు గరిటె ఎత్తింది, అట్టు తిరగబడుతుందా, మాడుతుందా" అని వాకిట్లోంచే మొదలుపెట్టేవాడు. నాయనమ్మ మాత్రం బదులిచ్చేది కాదు. తలుపు తియ్యి, నీళ్ళు పోయి, చదువుకో, ఇంతే ఆవిడ మాటలు. ఆ ఇంట్లో మాటలన్నీ తాతయ్య వాటాకే వచ్చాయని నేననుకునేదాన్ని.

ఆయనకి ఆ అలవాటు ఎక్కడిదంటే, వయసులో ఉండగా తాతయ్య మూకీ సినిమాల డేరాలో కథ చెప్పేవాడు. బొమ్మకి అప్పుడు మాట లేదు. మధ్యమధ్య ఇంగ్లీషులో ఏవో అక్షరాలు పడేవి, అవి చదవగలిగినవాళ్ళు డేరాకి వచ్చేవాళ్ళు కాదు. అందుకని తెర పక్కన ఒక మనిషి నిలబడి, చేతిలో పొడుగాటి బెత్తంతో, ఎవరు ఎవరో, ఎందుకు పరిగెడుతున్నారో, ఎందుకు ఏడుస్తున్నారో చెప్పాలి. డేరా, మిషను, బెంచీలు, మనుషులు అన్నీ పడవలోనే. కాలువల వెంట పామర్రు, గుడివాడ, కైకలూరు, అవనిగడ్డ వైపు, ఎక్కడ కోతలయి జనం చేతులు ఖాళీగా ఉంటే అక్కడికి వెళ్ళి దిగేవాళ్ళు. కాలువలో నీళ్ళు మెరుస్తుంటే పడవ కప్పు మీద వెల్లకిలా పడుకుని, ఆ ఊళ్ళో చెప్పాల్సిన కథని ఆకాశానికి చెప్పుకుంటూ పోయేవాణ్ణని తాతయ్య అనేవాడు. టాకీలు వచ్చి డేరా ఎత్తేసినప్పుడు, దాని యజమాని తాతయ్య మీద ఇష్టం కొద్దీ చేత్తో తిప్పే చిన్న మిషనునీ, ఒక రీలునీ ఆయన చేతుల్లో పెట్టి పంపేశాడు. ఆ రీలే మా బాతు సినిమా.

దానికి అసలు పేరేమిటో మాకు తెలియదు. పేరు పడే ముక్క ఎప్పుడో తెగిపోయింది. ఏ దేశంలో తీశారో కూడా తాతయ్య చెప్పలేకపోయేవాడు. కథ ఇది. ఒక ఇల్లాలు టోపీ పెట్టుకుని బయటికెళుతూ, పొయ్యి మీది పాలు చూస్తూ ఉండమని మొగుడికి చెబుతుంది. అతను కుర్చీలో కునుకు తీస్తాడు. తెరిచిన తలుపులోంచి ఒక బాతు లోపలికొస్తుంది. దాన్ని తరమబోయి అతను వీధిన పడతాడు. బాతు వెనక అతను, అతని వెనక లావుపాటి పోలీసు, వాళ్ళ వెనక పిండిబస్తాలు మోసేవాళ్ళు. చివరికి బస్తా పగిలి, నిలువెల్లా పిండితో తెల్లటి దయ్యంలాగా ఇల్లు చేరతాడు. భార్య గుర్తుపట్టక చీపురుతో బాదుతుంది. ఆపైన కొంగులాంటి గుడ్డతో మొహం తుడిచి, ఇతనేనని తెలిసి, ఇద్దరూ గుమ్మం మీద కూర్చుని నవ్వుకుంటారు. ఇంతే. తాతయ్య నోట మాత్రం అదెప్పుడూ ఇంతే కాదు. డేరా గుడివాడలో ఉంటే ఆ మొగుడు పామర్రు అల్లుడు, పామర్రులో ఉంటే గుడివాడ అల్లుడు. పోలీసు ఎప్పుడూ పక్క ఊరి హెడ్డు కానిస్టేబులే. భార్యకి చుక్కమ్మ అని పేరు పెట్టి, గయ్యాళిని చేసి, ఆవిడ తెర మీదకొచ్చినప్పుడల్లా సన్నటి కీచు గొంతుతో తిట్లు తిట్టించేవాడు.

ఫిబ్రవరిలో మేరీమాత తిరునాళ్ళకి డెల్టా ఊళ్ళనుంచి మా చుట్టాలందరూ వచ్చి మా ఇంట్లోనే దిగేవాళ్ళు. కొండ దగ్గర పూజ చూసుకుని, కొబ్బరికాయలూ కొవ్వొత్తులూ సమర్పించి, ఎండలో నడిచొచ్చి భోంచేశాక, మధ్యాహ్నంపూట నడవలో బాతు సినిమా ఆడేది. కిటికీలకి గోనెపట్టాలు కట్టేవాళ్ళం. పట్టాల చిల్లుల్లోంచి ఎండ సన్నటి పుల్లల్లా లోపలికి వచ్చేది. అందులో దుమ్ము లేస్తూ దిగుతూ ఉండేది. కడుపు నిండినవాళ్ళ ఊపిరి, పూలు, చెమట, మిషనుకి రాసిన ఆముదం వేడెక్కిన వాసన, పసిపిల్లల నిద్ర, వీటి మధ్య గోడ మీది దుప్పటి తెల్లగా వెలిగేది. తాతయ్య కుడిచేత్తో మిషను తిప్పుతూ కథ మొదలుపెట్టేవాడు. రీలు పాతదై ఎక్కడో ఒకచోట తెగేది. ఆయన కత్తిరించి అతికించేవాడు. అతికించినప్పుడల్లా కథ కాస్త కురచయ్యేది. ఒక ఏడాది గడప దగ్గరున్న బాతు మరుసటి ఏడాదికి ఎగరకుండానే బల్ల మీద ఉండేది. పోలీసు పడకుండానే లేచేవాడు. తాతయ్య మాటలు ఆ ఖాళీల మీద ఎంత నున్నగా సాగిపోయేవంటే, ఏదో పోయిందని మాలో ఎవరికీ అనిపించేది కాదు.

అందులో ఒక బొమ్మ మాత్రం ఎక్కడా అతికేది కాదు. పరుగు మంచి జోరు మీదుండగా ఉన్నట్టుండి ఆ ఇల్లాలు ఒక కిటికీ దగ్గర కనిపిస్తుంది. కిటికీ తెర పక్కకి తీసి బయటికి చూస్తుంది. ఎవరికోసమో, ఎందుకో తెలియదు. దానికి ముందూ వెనకా ఉండాల్సిన ముక్కలు ఎన్నడో పోయాయి. తాతయ్య, "చుక్కమ్మ మొగుణ్ణి కొట్టడానికి కర్ర వెతుకుతోందండోయ్" అని ఒక్క మాటతో దాటేసేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. సరిగ్గా అప్పుడే నాయనమ్మ వంటింటి గుమ్మంలోంచి లేచి లోపలికి వెళ్ళిపోయేది. పొయ్యి మీద ఏదో ఉందనేది. ఏటా ఉండేది.

నేను హైస్కూల్లో ఉండగా తాతయ్య గొంతు బొంగురుపోయింది. ముందు పడిశెం అన్నారు, తర్వాత వేలం పాటల వల్ల అన్నారు. పిప్పలి నమిలాడు, తేనె నాకాడు, యార్డులో నెల సెలవు పెట్టి మౌనంగా కూర్చోడానికి ప్రయత్నించాడు గానీ అది ఆయనవల్ల కాలేదు. చివరికి నాన్న వచ్చి మద్రాసు తీసుకెళ్ళాడు. గొంతులో పుండు పెద్దదయిందనీ, మనిషి దక్కాలంటే మాట పోవాలనీ అక్కడి డాక్టర్లు చెప్పారట. తాతయ్య ఏమన్నాడని తర్వాత నాన్నని అడిగాను. ఆసుపత్రి వరండాలో నాన్నని కూర్చోబెట్టి పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పాడట, చిన్నప్పటివి, డేరావి, ఎవరెవరివో. మర్నాడు ఆపరేషను.

తిరిగొచ్చిన మనిషి మెడలో చిన్న రంధ్రం, దానిమీద నాయనమ్మ కుట్టిన పల్చటి బట్ట. ఊపిరి అక్కడినుంచే వచ్చి పోయేది. పెదవులు కదిలితే మాట లేదు, సన్నటి ఈల ఉండేది. యార్డులో ఇంకొకరిని పెట్టుకున్నారు. తాతయ్య కాలువ గట్టున కూర్చుని రోజంతా నీళ్ళ వంక చూసేవాడు. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, పక్కింటివాళ్ళ బకెట్టు బావిలో మునిగిన చప్పుడు మా వంటింట్లోకి వినిపించేది. అట్టు వేస్తూ నాయనమ్మ ఒక్కోసారి వాకిలి వైపు చూసి, అది మాడిపోయేదాకా అలాగే ఉండిపోయేది.

ఆ ఏడాది తిరునాళ్ళకి చుట్టాలు ఎప్పటిలాగే వచ్చారు. భోజనాలయ్యాయి. సినిమా ఊసు ఎవరూ ఎత్తలేదు. పిల్లలకి కూడా ముందే చెప్పి ఉంచారు. అప్పుడు తాతయ్య తనంతట తనే లేచి, అటకెక్కి మిషను దింపాడు. కిటికీలకి పట్టాలు కట్టమని నాకు సైగ చేశాడు. ఆయన మనసులో ఏముందో నాకిప్పటికీ తెలియదు. బొమ్మ బొమ్మే కదా, దానికదే నవ్విస్తుందనుకున్నాడేమో. మిషను తిరిగింది. ఇల్లాలు టోపీ పెట్టుకుంది, మొగుడు కునికిపాట్లు పడ్డాడు. ఎవరూ నవ్వలేదు. మిషను కటకటమనే చప్పుడూ, తాతయ్య మెడలోంచి వచ్చే ఊపిరీ తప్ప గదిలో ఏమీ లేదు. మాటలు లేకపోయేసరికి అతుకులన్నీ బయటపడ్డాయి. అది కథలా లేదు, చిరుగుల దుప్పటిలా ఉంది. వెనక ఎవరో మేనత్త ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. తాతయ్య చెయ్యి నెమ్మదించింది. ఆ మొహం నాకు మిషను దీపం పక్కన కనిపిస్తూనే ఉంది. ఇక ఆపేస్తాడని తెలిసింది. ఆ ఒక్కసారి ఆపితే ఆయన మళ్ళీ ఎన్నటికీ దేన్నీ మొదలుపెట్టడనీ తెలిసింది.

"ఆపకండి," అంది నాయనమ్మ వంటింటి గుమ్మంలోంచి. "తిప్పండి. నేను చెప్తాను."

అందరం అటు తిరిగాం. ఆవిడ అక్కడే నిలబడి ఉంది. చేతికి తడి అలాగే ఉంది. మొదట జపమాల చెప్పే గొంతుతోనే మొదలుపెట్టింది, ఎత్తూ పల్లం లేకుండా. "ఈవిడ పేరు చుక్కమ్మ కాదు," అంది. "ఈవిడకో పేరుంది. ఆయనెప్పుడూ అడగలేదు, అంతే." ఎవరో కిసుక్కుమన్నారు. నాయనమ్మ పట్టించుకోలేదు. "పాలు చూసుకోమని చెప్తోంది. ఒకసారి చెప్పింది, మళ్ళీ చెప్పింది, ఆ వేలు చూడండి, ఇంకోసారి చెప్తోంది. అతను తలూపుతున్నాడు. మగాడు తలూపాడంటే వినలేదని." ఆడవాళ్ళ వైపునుంచి నవ్వు వచ్చింది. ఆ నవ్వుకి ఆవిడ గొంతు కాస్త లేచింది. పోలీసు వచ్చేసరికి పక్క ఊరి హెడ్డు అని తాతయ్య అన్నట్టే అంది. ఆ ఊరి హెడ్డు నిజంగా ఎలా నడుస్తాడో కూడా చెప్పింది. ఆ ఊరినుంచి వచ్చిన చుట్టాలు పొట్టలు పట్టుకున్నారు. తాతయ్య మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా ఆవిడకి వచ్చు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి పీల్చాలో కూడా వచ్చు. కాకపోతే మొగుడి బదులు ఇల్లాలి పక్షాన నిలబడి చెబుతోంది.

అంతలో కిటికీ బొమ్మ వచ్చింది. కర్ర మాట కోసం అందరూ ముందే నవ్వడానికి సిద్ధమయ్యారు.

"కర్ర కోసం కాదు," అంది నాయనమ్మ. "కర్ర కావాలంటే పొయ్యి దగ్గరే ఉంటుంది, కిటికీ దాకా ఎందుకెళ్తుంది? ఈవిడ కాలవ వైపు చూస్తోంది. పడవ వచ్చిందేమోనని. నిన్నా చూసింది, మొన్నా చూసింది. పడవలొస్తాయి, బస్తాలు దిగుతాయి, మనిషి దిగడు. ఎక్కడికెళ్ళాడమ్మా మీ ఆయన అని అడిగితే ఏం చెప్పుద్ది? ఊళ్ళోవాళ్ళని నవ్వించడానికెళ్ళాడని చెప్తే ఊరే నవ్వుద్ది. అందుకని ఏం చెప్పదు. తెర తీసి చూస్తది, మళ్ళీ తెర వేస్తది."

ఆ బొమ్మ మామూలుగా రెప్పపాటులో పోయేది. ఆ రోజు పోలేదు. తాతయ్య మిషనుని మెల్లగా, చాలా మెల్లగా తిప్పుతున్నాడు. మరీ నెమ్మదిస్తే దీపం వేడికి రీలు కాలిపోతుందని ఆయనకి తెలుసు, మాకూ తెలుసు. అయినా ఆ కిటికీ దగ్గర ఆ ఆడమనిషి నిలబడే ఉంది, రెప్ప వేసీ వెయ్యకుండా, తెర అంచు పట్టుకున్న వేళ్ళు కదిలీ కదలకుండా. అంతసేపు ఆవిణ్ణి నేనెన్నడూ చూడలేదు. ఆవిడ అందంగా ఉంటుందని కూడా అంతకుముందు గమనించలేదు. తాతయ్య బొమ్మని చూడటం లేదు, గుమ్మం వైపు చూస్తున్నాడు. నాయనమ్మ మాత్రం ఆయన్ని చూడకుండా దుప్పటి వంకే చూస్తూ, "సర్లెండి," అంది. "అక్కడ పాలు పొంగుతున్నాయి. బాతొచ్చింది, తిప్పండి." తాతయ్య చెయ్యి ఒక్కసారిగా వేగం అందుకుంది. బాతు గిర్రున తిరిగి బల్లెక్కింది. నడవ నడవంతా నవ్వులతో ఊగిపోయింది. ఆ నవ్వుల్లో ఒక ఈల చప్పుడు, ఆగి ఆగి. తాతయ్య నవ్వు ఇకమీదట అలా ఉంటుందని ఆ రోజే మాకు తెలిసింది.

చుట్టాలందరూ వెళ్ళాక ఆయన వంటింట్లోకి వచ్చి, నాయనమ్మ పక్కన పీట వాల్చుకుని కూర్చుని వెల్లుల్లిపాయలు ఒలిచాడు. అంతకుముందు ఆయన వంటింట్లో కూర్చోవడం నేను చూడలేదు. చాలా రోజుల తర్వాత, బియ్యం చెరుగుతుండగా ఆ మాటలన్నీ ఎలా వచ్చని నేను నాయనమ్మని అడిగాను. డేరాలో ఆడవాళ్ళని తెర వెనక కూర్చోబెట్టేవాళ్ళట. అటునుంచి కూడా బొమ్మ కనబడుతుంది, కుడి ఎడమలు తారుమారుగా. కథ చెప్పేవాడు మాత్రం తెరకి అవతల ఉంటాడు, కనిపించడు. "పెళ్ళికి ముందు నేను మీ తాతని చూళ్ళేదు, గొంతే విన్నాను," అంది. "ఆ గొంతుగల మనిషేనని చెప్తే ఒప్పుకున్నాను. ఆ గొంతు ఇంట్లో ఉండేది కాదు, కాలవలంట తిరిగేదని తర్వాత తెలిసింది." ఆ మాట అనేసి నవ్వింది. చేట అంచున మెరికలు ఏరి పారేస్తూ, తాను చూసినప్పుడు ఆ కిటికీ అటుపక్క ఉండేదని మాత్రం చెప్పింది.

ఆ తర్వాతి ఏళ్ళు మా ఇంట్లో మాటల వాటాలు మారిపోయాయి. తాతయ్య ఎక్కడికెళ్ళినా నాయనమ్మ వెంట వెళ్ళేది. ఆయన చేతులతో చెప్పింది ఆవిడ నోటితో చెప్పేది. కాకపోతే నమ్మకంగా చెప్పేది కాదు. కొట్టు దగ్గర ఆయన రెండు వేళ్ళు పెదవుల దగ్గర పెట్టి చుట్టలు కావాలంటే, "అరటిపళ్ళు ఇమ్మంటున్నారు" అనేది. ఆయన చేతులు గాల్లో ఎగరేసి గొడవపడేవాడు. "మంచివి చూసి ఇమ్మంటున్నారు" అనేది. కొట్టువాడికి అంతా అర్థమయ్యేది, అరటిపళ్ళే కట్టేవాడు. ఒకసారి హనుమాన్ జంక్షన్‌లో బస్సు మారుతుంటే, సీటు దగ్గర ఎవరితోనో తాతయ్యకి తగాదా వచ్చింది. ఆయన మొహం ఎర్రబడి, పిడికిలి బిగించి, పెదవులతో ఏవేవో అన్నాడు. అవతలి మనిషి బిత్తరపోయి, ఏమంటున్నారమ్మా అని నాయనమ్మని అడిగాడు. "మీరే కూర్చోండి బాబూ అంటున్నారు" అంది ఆవిడ. వెనక్కి తిరిగి వచ్చేదాకా తాతయ్య ఆవిడతో మాట్లాడలేదు. అంటే చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

బాతు సినిమా మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు. ఒక వానాకాలం తర్వాత, తిరునాళ్ళకి డబ్బా తెరిస్తే, రీలు చుట్టలు ఒకదానికొకటి అంటుకుపోయి తేగలా గట్టిపడి ఉంది. పుల్లటి వాసన వేసింది. పిల్లలు ఏడవబోతే తాతయ్యే మధ్యన నిలబడి, మొగుడూ తనే, పోలీసూ తనే, బాతూ తనే అయి, మొత్తం ఆడి చూపించాడు. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని కథ చెప్పింది. మోకాళ్ళ నొప్పులతో ఆయన బాతులా నడిచిన నడక రీలులో ఉన్నదానికంటే బాగుందని నా అభిప్రాయం. ఇప్పుడు ఏలూరు కాలువలో పడవల్లేవు. మా పెంకుటిల్లు ఉన్నచోట అపార్టుమెంటు ఉంది. అందులో ఒక ఫ్లాటులో మా చెల్లెలి కుటుంబమే ఉంటోంది. అక్కడికి వెళితే ఒక సోఫాలో నలుగురు కూర్చుని, నాలుగు ఫోన్లలో నాలుగు సినిమాలు, చెవుల్లో తీగలు పెట్టుకుని చూస్తుంటారు. ఉన్నట్టుండి ఒకరు పకపకా నవ్వుతారు. ఎందుకో మిగతావాళ్ళకి తెలియదు. నేను అడిగితే మాత్రం ఫోను నా చేతికిచ్చి, ఓపిగ్గా మొదట్నుంచీ పెట్టి చూపిస్తారు. పిల్లలు మంచివాళ్ళు. బొమ్మలూ ఇప్పుడు ఎంతో స్పష్టంగా ఉంటాయి, ఎక్కడా అతుకు కనబడదు. అతుకుల మధ్య నుంచి లోపలికొచ్చే మనిషి మాత్రం ఇప్పుడు లేడు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఇది మంచిదో చెడ్డదో తేల్చడానికి నేను చాలాసార్లు కూర్చున్నాను, తేలలేదు.

తాతయ్య పోయే ముందు నేను కాలేజీ సెలవులకి ఇంట్లోనే ఉన్నాను. మంచం పట్టి చాలా రోజులైంది. అన్నం మానేశాడు. ఒక మధ్యాహ్నం ముసురు పట్టి ఉండగా, ఫాదర్‌గారు సైకిలు మీద తడుచుకుంటూ వచ్చారు. కంకిపాడు వైపు మనిషి, పెద్దవారు, ఒకప్పుడు యార్డులో తాతయ్య వేలం పాటలు విన్నవారే. నాయనమ్మ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కొవ్వొత్తి వెలిగించి, సిలువ పెట్టింది. ఫాదర్‌గారు మెడలో పట్టీ వేసుకుని, పాపసంకీర్తనం చెప్పిస్తాను, చేసిన పాపాలు ఆయన ఒప్పుకోవాలి, మీరు బయటికెళ్ళండి అన్నారు. నేను లేచాను. నాయనమ్మ లేవలేదు.

"ఆయనకి మాట లేదు కదా ఫాదర్," అంది. "నేను చెప్తాను. ఆయన పాపాలు ఆయనకంటే నాకే బాగా గుర్తు."

ఫాదర్‌గారు నవ్వలేదు. "ఇది ఆయనా దేవుడూ మాట్లాడుకునేదమ్మా. నువ్వు కాసేపు బయట కూర్చో," అన్నారు.

మంచంలోంచి తాతయ్య కూడా వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది. బయటికొచ్చి అరుగు మీద కూర్చుని జపమాల తీసింది గానీ పూసలు కదల్లేదు. ఆపరేషను అయినప్పటినుంచీ తాను లేకుండా ఆయన ఎవరితోనూ ఏమీ చెప్పుకున్నది లేదు. పెంకుల మీంచి నీళ్ళు ధారలుగా పడుతున్నాయి. మూసిన తలుపు వెనక మొదట ఏ చప్పుడూ లేదు. తర్వాత మంచం కిర్రుమంది. అరచెయ్యి దేన్నో తట్టిన చప్పుడు. మళ్ళీ కిర్రుమంది, ఈసారి గట్టిగా, లేచి కూర్చున్నట్టు. నాయనమ్మ చెవి ఒగ్గి వింటోంది. ఆవిడ పెదవులు వాటంతటవే కదులుతున్నాయి, మాట అందించడానికి. కాసేపటికి ఫాదర్‌గారు దగ్గారు. మళ్ళీ దగ్గారు. ఆ రెండోది దగ్గు కాదు. ఎంత ఆపుకున్నా ఆగక, ఒక పెద్దాయన నోట్లో బట్ట కుక్కుకుని నవ్వితే వచ్చే చప్పుడది. దాని వెనకే మాకు తెలిసిన సన్నటి ఈల.

నాయనమ్మ తలుపు వంక చూసింది. ఆ ముఖం నెమ్మదిగా విప్పారింది.

"చెప్తున్నారు," అంది. "బాగానే చెప్తున్నారు" అని, ఆపేసిన పూస దగ్గర్నుంచి జపమాల మళ్ళీ మొదలుపెట్టింది.